గుటక పడని రోజులు

మా వైపు ఎవరైనా ఉన్నట్టుండి కూలబడితే పరుగెత్తుకొచ్చినవాళ్లు ముందు చేసే పని నోట్లో నీళ్లు పోయడం. మొహం మీద చల్లుతారు, తల కాస్త ఎత్తి పట్టుకుంటారు, గ్లాసు పెదాలకి ఆనిస్తారు. నాకూ అలాగే పోశారు. ఆ రోజు తోటలో కోకో కాయలు కోయించి పగలగొట్టిస్తున్నాం. పామాయిల్ చెట్ల నీడన గట్టు మీద కూర్చున్నవాణ్ణి లేవబోయేసరికి నేల ఎడమవైపుకి ఒరిగిపోయింది. వాంతయింది. పనిలోకి వచ్చినావిడ పోసిన నీళ్లలో సగం ముక్కులోంచి వెనక్కి వచ్చాయి. మిగతా సగం కడుపులోకి వెళ్లలేదని తర్వాత తెలిసింది. ఆవిడ తప్పేం లేదు. పడ్డ మనిషికి నీళ్లివ్వడమే మనకి తెలిసిన మొదటి ఆదరణ. అందుకే ఇది రాయాలనిపించింది.

మాది నల్లజర్ల, మెట్ట ప్రాంతం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మా మండలం తూర్పుగోదావరిలో పడింది గానీ, జబ్బొస్తే మాకు ఇప్పటికీ తాడేపల్లిగూడెమో ఏలూరో. నన్ను ముందు దగ్గర్లోనే చూపించారు. కళ్లు తిరగడం, వాంతులు, ఆగని ఎక్కిళ్లు. ఎండదెబ్బన్నారు, పైత్యమన్నారు, మెడ నరం పట్టిందన్నారు. చేతులు లేస్తున్నాయి, కాళ్లు ఆడుతున్నాయి, మూతి వంకరపోలేదు. ఇక పక్షవాతమని ఎవరికి తడుతుంది? గొంతు మాత్రం బొంగురుపోయింది. నా మాట నాకే వేరే మనిషి మాటలా వినపడింది.

ఏలూరులో తీసిన సీటీ స్కాన్‌లో ఏమీ కనపడలేదు. మెదడు వెనక, అడుగు భాగాల్లో వచ్చే స్ట్రోక్ మొదటి గంటల్లో సీటీలో తప్పిపోవడం మామూలేనట. ఎమ్మారై తీస్తే దొరికింది. మెదడు కిందికి దిగి వెన్నుపాముగా మారే చోటికి కాస్త పైన, ఎడమ పక్కన, చిన్న మచ్చ. దీన్ని లేటరల్ మెడుల్లరీ స్ట్రోక్ అంటారు. 1895లో అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ అనే జర్మన్ వైద్యుడు దీని లక్షణాలను వివరంగా రాశాడు. అవన్నీ నా ఒంట్లో ఉన్నాయి. ఎడమ చెంప మొద్దుబారింది. కుడి కాలి మీద వేడినీళ్లు పోస్తే తడి తెలుస్తుంది, వేడి తెలియదు. ఎడమ కనురెప్ప వాలింది. లేచి నిలబడితే ఎవరో ఎడమకి లాగుతున్నట్టుంటుంది. కాళ్లూ చేతుల బలాన్ని మోసే దారి ఆ మచ్చకి పక్కనుంచి పోతుంది కాబట్టి అవి క్షేమం. గుటక వేయించే నరాల మొదలు మాత్రం సరిగ్గా ఆ మచ్చ పడ్డ చోటే ఉంది.

గుటక వేయడం ఒక పని అని అరవై ఏళ్లు దాటినా నాకు తెలియదు. దాదాపు 30 జతల కండరాలు ఒకదాని వెంట ఒకటి కదలాలట. అంగిలి వెనక భాగం లేచి ముక్కు దారి మూయాలి. గొంతు పైకీ ముందుకీ కదలాలి, ఊపిరి దారి మూసుకోవాలి, అదే క్షణంలో ఆహారనాళం పైమూతి తెరుచుకోవాలి. ఇదంతా ఒక సెకను పని. నాకు ఎడమ సగం కదలడం లేదు, ఆ మూతి తెరుచుకోవడం లేదు. నోట్లో వేసినది గొంతు దాకా వెళ్లి, తలుపు తీయక అక్కడే నిలబడి, చివరికి తెరిచి ఉన్న దారిలోకి జారుతుంది. ఆ దారి ఊపిరితిత్తులది.

తిండి సంగతి తర్వాత. ముందు ఉమ్మి. మనిషి నోట్లో రోజుకి లీటరు దాకా లాలాజలం ఊరుతుంది. మనకి తెలియకుండానే దాన్ని మింగేస్తూ ఉంటాం. నాకు ఆ గుటక కూడా లేదు. చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు గ్లాసు, భుజం మీద తువ్వాలు. ఊరినది ఉమ్మడం, తుడుచుకోవడం, మళ్లీ ఉమ్మడం. రాత్రి వెల్లకిలా పడుకుంటే నా ఉమ్మే నాకు గొంతుకడ్డం. తలగడలు ఎత్తుగా పెట్టుకుని ఒక పక్కకి ఒత్తిగిలి, నోటి మూల కింద గుడ్డ పెట్టుకుని పడుకునేవాణ్ణి. చూడ్డానికి వచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుంటే సిగ్గుతో మాట్లాడేవాణ్ణి కాదు. మాట పోయిందనుకుని జాలిపడి వెళ్లేవాళ్లు.

దాహం గురించి ఎలా చెప్పాలో తెలియదు. ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోకి నీళ్లు పంపిస్తూనే ఉన్నారు. ఒంటికి నీటి లోటు లేదు. నోటికి మాత్రం ఉంది. వేసవి ముదిరింది. వరండాలో మంచం మీద పడుకుంటే తోటలో మోటారు ఆన్ చేసిన చప్పుడు వినపడుతుంది. పామాయిల్ చెట్టు మహా దాహం మనిషి, వేసవిలో చెట్టు చెట్టుకీ నీళ్లు పారుతూనే ఉండాలి. ఆ నీటి చప్పుడుకి నాకు కళ్లనీళ్లు వచ్చేవి. నా భార్యది కొల్లేటి లంక గ్రామం. ఒక మధ్యాహ్నం తడిగుడ్డతో నా పెదాలు అద్దుతూ అంది, "చుట్టూ నీళ్లే ఉండి తాగడానికి చుక్క లేకపోవడం ఏమిటో మా లంకల్లో పుట్టినదానికి నాకు తెలుసండి. కొన్నాళ్లు ఓర్చుకోండి." ఆసుపత్రిలో ఎవరు ఎన్ని చెప్పినా కుదుటపడని మనసు ఆ మాటకి కుదుటపడింది.

గొట్టాన్ని రైల్స్ ట్యూబ్ అంటారు. జాన్ ఆల్‌ఫ్రెడ్ రైల్ అనే ఇంగ్లండు వైద్యుడు 1921లో కడుపులోని రసాలు పైకి తీసి పరీక్షించడానికి వాడిన గొట్టం అది. ఇప్పుడు అదే దారిన జావ పోస్తున్నారు. మా ఇంట్లో ఆ పని నా భార్యది, ఆమె అలసిపోతే మా అబ్బాయిది. రాగిజావ, పెసరకట్టు, పాలు, పలచటి మజ్జిగ, సపోటా గుజ్జు. ఏదైనా పాత పంచె గుడ్డలో వడగట్టాల్సిందే, చిన్న పలుకున్నా గొట్టం పూడిపోతుంది. ప్రతిసారీ ముక్కు దగ్గర పెన్నుతో పెట్టిన గుర్తు కదల్లేదని చూసుకోవాలి. గొట్టం కొంచెం పైకి జారినా పోసేది ఊపిరి దారికి చేరువవుతుంది. నన్ను కూర్చోబెట్టి, పెద్ద సిరంజిని ఎత్తులో పట్టుకుని, దానంతట అది దిగేలా పోయాలి, వెనక నుంచి నొక్కకూడదు. అయ్యాక గోరువెచ్చని నీళ్లతో గొట్టం కడగాలి. గంటసేపు నన్ను పడుకోనివ్వకూడదు. తెల్లవారుజాము నుంచి రాత్రి పొద్దుపోయే దాకా రెండు మూడు గంటలకోసారి ఇదే. నెలల తరబడి గొట్టం కావలసినవాళ్లకి పొట్టకే చిన్న రంధ్రం చేసి పెట్టే పద్ధతి ఉంది. నాకు అంత దాకా రాలేదు గానీ, అవసరమైతే దానికి భయపడనక్కర్లేదని ఇప్పుడు చెప్పగలను. ముక్కులో గొట్టం ఒరుసుకుపోయే బాధ దానికి లేదు.

ఇక మనవాళ్ల ప్రేమ. మా ద్వారకా తిరుమల చినవెంకన్న దగ్గర మొక్కుకుని మా అక్క తీర్థం తెచ్చింది. "తమ్ముడూ, ఒక్క చుక్క. దేవుడి తీర్థం ఏం చేస్తుందిరా?" అని చెంచా నోటి దగ్గర పెట్టింది. నా భార్య చెయ్యి అడ్డం పెట్టి, "వదినగారూ, ఆయన తల మీద చల్లండి. నోట్లో మాత్రం వద్దు" అంది. అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుని నెత్తిన చల్లింది. పసరు మందు పోయిద్దామని ఒకరు, కాస్త కాఫీ పడితే గొంతు సాగుతుందని ఇంకొకరు. తిను బాబూ, తాగు బాబూ అనడం తప్ప మనకి ఆప్యాయత చూపించే దారి ఇంకోటి లేదు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మంచాన పడ్డ మనిషి దగ్గర కూర్చుని నోట్లో ఏమీ పెట్టకుండా లేచి రావడం మా బంధువుల్లో ఏ ఒక్కరికీ చేతకాలేదు. ఇంటి గుమ్మంలో నా భార్య కాపలా ఉండాల్సి వచ్చింది. ఆ కాపలాకి ఆమె పడ్డ మాటలు ఇక్కడ రాయను.

వాళ్లందరూ అన్నది ఒకటే. "దారి తప్పితే పొలమారుతుంది కదా. పొలమారకపోతే లోపలికి వెళ్లినట్టే." నేనూ అదే అనుకునేవాణ్ణి. విజయవాడలో పరీక్ష చేసేదాకా.

ముక్కులోంచి సన్నటి గొట్టం కెమెరా గొంతు పైభాగం దాకా దింపి, ఆకుపచ్చ రంగు కలిపిన పెరుగు అర చెంచా నాలిక మీద పెట్టారు. తెర నావైపు తిప్పమని అడిగాను. నా గొంతు నేను చూశాను. కుడి వైపు గులాబీ రంగు గోడ కదులుతోంది, ఎడమ వైపుది ఊరికే నిలబడి ఉంది. మింగమన్నారు. మింగాననే అనుకున్నాను. తెర మీద ఆకుపచ్చ ముద్ద ఎడమ పక్క గుంతలో అలాగే ఉంది. మళ్లీ మింగాను. ఉంది. కాసేపటికి దాని అంచు మెల్లగా కరిగి, స్వరపేటిక పెదవుల మధ్య నుంచి కిందికి, ఊపిరి గొట్టంలోకి ఒక చార దిగింది. నాకు దగ్గు రాలేదు. దురద కూడా అనిపించలేదు. గదిలో ఉన్నవాళ్లు దగ్గమంటేనే దగ్గాను.

దగ్గు రాకపోవడమే అసలు ప్రమాదమని అప్పుడు అర్థమైంది. స్ట్రోక్ గొంతు కండరాలనే కాదు, గొంతుకి ఉండే స్పర్శనీ తీసేస్తుంది. పొలమారితే మాడు మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని చెప్పి నీళ్లందించే అలవాటు మనది. నాలాంటివాడికి పొలమారదు. ఎవరూ తట్టరు. తిన్నది నిశ్శబ్దంగా ఊపిరితిత్తుల్లో చేరుతుంది. రెండు మూడు రోజుల తర్వాత జ్వరం వస్తే చలిజ్వరమనుకుంటారు. మాట్లాడితే గొంతులో నీళ్లు గరగరమన్నట్టుండటం, తిన్నాక ఆయాసపడటం, కారణం లేకుండా జ్వరం రావడం, ఇవి దగ్గుకి బదులుగా చూసుకోవలసిన గుర్తులు.

నాకు జ్వరం వచ్చింది. నోట్లో మెతుకు పెట్టకుండానే వచ్చింది. గొట్టం ఉంది, ఇంకేం భయమని అందరం అనుకున్నాం. కానీ నోటిని వాడకపోతే నోరు పాడవుతుంది. నాలిక మీద తెల్లగా పాచి పేరుకుంటుంది. అందులో పెరిగిన క్రిములు ఉమ్మితో పాటు కిందికి దిగుతాయి. కుడి ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా అన్నారు. సెలైన్లు, యాంటీబయోటిక్‌లు, మళ్లీ ఆసుపత్రి మంచం. ఆ తర్వాత తిండి లేని మనిషికి పళ్లు తోమడమేమిటని ఎవరూ అనలేదు. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్ల పాటు, ప్రతి భోజనం తర్వాతా పెద్దవాళ్ల పళ్లు తోమించి చూస్తే న్యుమోనియా వచ్చినవాళ్లూ, దానితో చనిపోయినవాళ్లూ తగ్గారట. మందూ కాదు, యంత్రమూ కాదు, మెత్తటి కుచ్చు బ్రష్షు. ప్రతి మంచం దగ్గరా దొరికే వస్తువు. ఇది ఇంటికి పంపేటప్పుడు ప్రతి కుటుంబానికీ చెప్పి పంపాల్సిన మాట.

మింగడం మళ్లీ నేర్పేవాళ్లు స్పీచ్ థెరపిస్టులని నాకు అప్పుడే తెలిసింది. మాటలు రాని పిల్లల కోసమే వాళ్లున్నారనుకునేవాణ్ణి. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ లాంటి చోట్ల ఈ చదువు చదువుతారు. మా మెట్ట మండలాల్లో అలాంటివాళ్లు దొరకడం కష్టం. విజయవాడలో నన్ను చూసిన అమ్మాయి మా చిన్నమ్మాయి కన్నా చిన్నది. వెళ్లలేని వారాల్లో ఫోన్‌లో వీడియో పెట్టి చేయించేది. "అంకుల్, తల ఎడమకి తిప్పండి. గడ్డం కొంచెం దించండి. ఇప్పుడు గట్టిగా మింగండి." పడిపోయిన వైపుకే తల తిప్పాలి. అలా తిప్పితే ఆ వైపు గొంతు మూసుకుపోయి, తిన్నది పనిచేసే కుడి వైపు నుంచి దిగుతుంది. మొదటిసారి కుడి పక్కన చిన్నగా గుటక పడినప్పుడు ఆ అమ్మాయి ఫోన్‌లో చప్పట్లు కొట్టింది. "విన్నాను అంకుల్, మీ గుటక విన్నాను!" అంది. నా భార్య లోపలికి వెళ్లి దేవుడి ముందు దీపం పెట్టింది.

ఇంకో సాధన ఉంది. వెల్లకిలా పడుకుని, భుజాలు ఎత్తకుండా, తల మాత్రం ఎత్తి కాలి వేళ్లు చూడాలి. ఒక నిమిషం అలాగే ఉంచాలి, నిమిషం విశ్రాంతి, అలా మూడుసార్లు. తర్వాత తల ఎత్తుతూ దించుతూ 30 సార్లు. రోజుకి మూడు విడతలు, ఆరు వారాలు. రెజా షేకర్ అనే వైద్యుడు అమెరికాలో 1990లలో రూపొందించిన పద్ధతి ఇది. ఆహారనాళం మూతిని పైకి లాగి తెరిచే కండరాలకి బలమొస్తుందట. చెప్పుకోవడానికి తేలికే. పామాయిల్ గెలలు మోసిన మెడ నాది, అయినా మొదట్లో ఆ నిమిషం పూర్తయ్యేది కాదు, ఒళ్లంతా వణికేది. మెడ నొప్పులూ బీపీ ఎక్కువా ఉన్నవాళ్లు అడక్కుండా ఇది మొదలుపెట్టకూడదు.

తిండి మొదలయ్యాక అసలు చదువు మొదలైంది. నీళ్లు పలచన, జారిపోతాయి. మరీ చిక్కటిది నా ఎడమ గుంతలో పేరుకుంటుంది. ఆ రెంటికీ మధ్య ఎంత చిక్కదనమో కొలవాలి. దానికి ప్రపంచమంతా ఒకే కొలత పెట్టుకున్నారు, మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజితో. కొన మూసి నిండా పోసి, పది సెకన్లు వదిలి, మళ్లీ మూయాలి. నాలుగు నుంచి ఎనిమిది మిల్లీలీటర్లు మిగిలితే నాకు సరిపోయిన చిక్కదనం. ఇంకొకరికి వేరు కావచ్చు. సిరంజిలన్నీ ఒకే పొడుగు ఉండవు కాబట్టి ఎలాంటిది వాడాలో చూపించుకోవాలి. పాలగుండ కాచి చిక్కన చేసిన నీళ్లు నోట్లో ఉమ్మి తగిలితే మళ్లీ పలచబడతాయి. అందుకని ఆలస్యం చేయకుండా మింగాలి, అదే చెంచాని మళ్లీ గిన్నెలో ముంచకూడదు.

మన వంటల్లో ఎన్ని ఉచ్చులున్నాయో! చారన్నం, మజ్జిగన్నం, సాంబారులో ఇడ్లీ. మెతుకు నములుతుండగానే నీరు విడిపోయి ముందు పరుగెత్తుతుంది. పుచ్చకాయ, బత్తాయి తొనలు కూడా అంతే. అన్నిటికన్నా కష్టం తాటిముంజెలు. పైన జారుడు, లోపల నీళ్లు, కొరికిన క్షణాన రెండూ రెండు దారుల్లో పోతాయి. వేసవిలో మా మెట్టలో ముంజెలు తినకుండా ఉండటం చిన్న శిక్ష కాదు. పూతరేకు అంగిట్లో అంటుకుంటుంది. జంతికలు పొడిపొడిగా విరిగి గొంతంతా చెదురుతాయి. బాగా గిలక్కొట్టిన గడ్డ పెరుగు, మాగిన సపోటా గుజ్జు, మెత్తగా ఉడికించి నెయ్యి వేసి మెదిపిన పప్పన్నం నన్ను నిలబెట్టాయి. మా బావమరిది కొల్లేటి నుంచి కొరమేను తెచ్చాడు. దానికి సన్నముళ్లు తక్కువ. నా భార్య అయినా వేళ్లతో నలిపి నలిపి చూసి, పులుసులో మెత్తగా కలిపి పెట్టింది. ఒక చిన్న చెంచా, తల ఎడమకి, గడ్డం కిందికి, మింగు, మళ్లీ మింగు, దగ్గు, ఇంకో చెంచా. గిన్నెడు తినడానికి గంట పట్టింది. ఆ గంటంతా అతను అన్నం ముట్టకుండా ఎదురుగా కూర్చున్నాడు.

మంచినీళ్లు అన్నిటికన్నా చివర వచ్చాయి. అమెరికాలో లూయీవిల్‌లోని ఫ్రేజియర్ పునరావాస కేంద్రంలో 1984 నుంచి ఒక పద్ధతి పాటిస్తున్నారట. నోరు శుభ్రంగా తోముకున్నాక, తిండితో కలపకుండా, భోజనానికీ భోజనానికీ మధ్య కొంచెం కొంచెంగా వట్టి నీళ్లు తాగనిస్తారు. శుభ్రమైన నీళ్లు కొద్దిగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా అవి పీల్చుకోగలవు. మెతుకునీ మురికినీ తట్టుకోలేవు. అందరికీ పనికిరాదు, చూసి చెప్పేవాళ్లు ఉండాలి. నాకు అనుమతి దొరికిన రోజు కుండలో నీళ్లు చెంచాతో తాగాను. వాటి రుచి నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన రుచే.

ఇప్పుడు గొట్టం లేదు. పొలం వెళ్తున్నాను. బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. దాన్ని నీళ్లతో కాదు, పెరుగులో పెట్టుకుని మింగుతాను. కొన్ని మాత్రలు నూరకూడదు, మెల్లగా కరగాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లిపోతుంది. ఏది నూరవచ్చో అడిగి తెలుసుకోవాలి. తినేటప్పుడు మాట్లాడను, టీవీ పెట్టనివ్వను. పెళ్లి భోజనాల్లో బంతిలో కుడివైపు చివర కూర్చుంటాను. మధ్యలో కూర్చుంటే కుడి పక్కనున్నవాళ్లకి నేను మొహం తిప్పుకున్నట్టుంటుంది. ఒక పెళ్లిలో పాత స్నేహితుడు నొచ్చుకుని లేచి వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపి, తిన్నాక అంతా చెప్పాను. అతనూ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి మొదటి రోజుల్లో మింగడం ఎంతోకొంత దెబ్బతింటుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లోనే సర్దుకుంటుంది కూడా. కానీ ఎవరిది ఏ సగమో చూసి చెప్పలేం. నడిచేవాడికి గొంతు పోయి ఉండొచ్చు, చెయ్యి లేవనివాడికి గొంతు నిక్షేపంగా ఉండొచ్చు. అందుకే మొదటి చుక్కకి ముందే, మొదటి మాత్రకి ముందే పరీక్ష జరగాలి. మొదటి పరీక్షకి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. తెలివిలో ఉన్న మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, నేర్చినవాళ్లు కొలత ప్రకారం నీళ్లిచ్చి, దగ్గునీ గొంతు మారడాన్నీ గమనిస్తారు. అనుమానమొస్తే కెమెరా. అడగాల్సింది మనం. "మింగడం చూశారా అండీ?" అని అడిగితే చాలు.

ఈమధ్య అనంతపల్లి నుంచి ఒకబ్బాయి వచ్చాడు. వాళ్లమ్మగారికి కుడి చెయ్యీ కాలూ పడిపోయి ఆసుపత్రిలో చేర్చారు. చూడ్డానికి వచ్చినవాళ్లు కొబ్బరినీళ్ల బోండాలు తెస్తున్నారట. నేనూ నా భార్యా వెళ్లాం. పరీక్ష అయ్యేదాకా నోటితో ఏమీ ఇవ్వొద్దని అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి మంచానికి కట్టాం. అక్కడి సిస్టరు గారు చదివి, మంచి పని చేశారంటూ అది సరిగా కనపడేలా కట్టారు. మర్నాడు పొద్దున్న పరీక్ష చేశారు. ఆవిడ గొంతు బాగానే ఉంది. అట్టముక్క విప్పేసి, మధ్యాహ్నానికి ఇడ్లీ పెట్టారు. రెండు తిని ఇంకోటి అడిగారట.